కుట్లు లేని దవడ

సుబేదారి మీదుగా బస్సు వెళ్తున్నప్పుడు ఇప్పటికీ నా గుప్పెట దానంతటదే మూసుకుంటుంది.

ఆ రోజు స్టేషన్ ఘన్‌పూర్‌లో బస్సెక్కిన పెద్దాయన నా పక్కన కూర్చున్నాడు. ఆయన చేతిలో చిన్న ప్లాస్టిక్ సీసా ఉంది. అందులో మందునీళ్లు, అడుగున గోరంత మాంసం ముక్క.

నేను చూడడం గమనించి ఆయనే చెప్పాడు. "నా దవడదే తమ్మీ. లోపట తెల్లమచ్చ అయింది. పొద్దుగాల పండ్ల డాక్టర్ ముక్క కోసి ఇచ్చిండు. సుబేదారిల ల్యాబుకు తీస్కపోతాన."

"క్యాన్సరా కాకా?"

"ఇంక కాలేదట. ముక్కల ఏదో ప్రోటీన్ చూస్తరట. అది ఎక్కువుంటే మచ్చ క్యాన్సర్‌కు తిరుగుతదేమోనని డాక్టర్ భయం."

కాసేపటికి "జర పట్టు" అంటూ సీసా నా చేతిలో పెట్టాడు. జేబులోంచి తంబాకు, సున్నం తీసి అరచేతిలో తీరిగ్గా నలిపాడు. చిటికెడు తీసుకుని అలవాటుగా ఎడమ దవడలోకి పోనిచ్చిన వేలు, కుట్లు తగలగానే ఆగిపోయింది. నేను ఊపిరి పీల్చుకున్నాను.

ఆయన ఆ చిటికెడూ కుడి దవడలో పెట్టుకున్నాడు.

"ఫికర్ లేదు, ఇటు దిక్కు మంచిగనే ఉన్నది" అంటూ, అరచేతిలో మిగిలిన తంబాకును నా ముందుకు చాపాడు.

సీసా ఇంకా నా గుప్పెట్లోనే ఉంది.