బాలమణి చెవి

ఫలక్‌నుమా స్టేషన్ వెనక తుక్కు సామాను కొనే రేకుల షెడ్డులో బాలమణి పనంతా చెవితోనే. పాత ఫ్రిజ్ నుంచి ఊడదీసిన నల్లటి కంప్రెసర్‌ను చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని, దాని రాగి గొట్టాన్ని తుంచి చెవి దగ్గర పెట్టుకుంటుంది. లోపలి గ్యాస్ బుస్సుమంటూ పోయి, ఆ చప్పుడు పూర్తిగా ఆగాకే "కానీయ్ తమ్మీ" అంటుంది. అప్పుడు రామ్‌చందర్ దాన్ని కోయడానికి కట్టర్ మంట పెడతాడు. పన్నెండేళ్లుగా అతనికి ఆమె మాటే భరోసా. కానీ సుత్తి దెబ్బల మధ్యే బతికి బతికి ఆ చెవులు మొద్దుబారాయి. రెండు నెలలుగా ఆమె గొట్టం చెవికి పెట్టుకుని, మనసులో ఇరవై దాకా లెక్కపెట్టి "కానీయ్" అంటోంది. షెడ్డు యజమాని ఖాజా భాయ్‌కి తెలిస్తే పనిలో ఉంచుకోడు మరి.

ఇవాళ పొద్దున మంట ఎగసి రామ్‌చందర్ కనుబొమ్మలు కాలాయి. "ఏందక్కా, పైసల్లేకుండ బ్యూటీ పార్లర్ చేసినవ్ గదా!" అని నవ్వాడు. బాలమణి కూడా నవ్వింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా సగంలోనే మూసేసి వచ్చి ఇంకో గొట్టం తుంచింది. ఇరవై లెక్కపెట్టడం అయిపోయింది. రామ్‌చందర్ కట్టర్ పట్టుకుని ఆమె నోటికేసే చూస్తున్నాడు. ఎందుకో గొట్టాన్ని చెంపకు ఆనించుకుంది. చల్లటి గాలి ఇంకా తగులుతూనే ఉంది. అతని చెయ్యి పట్టి దగ్గరికి లాక్కుని, గుసగుసగానే చెబుతున్నాననుకుంది: "నాకు ఇనవడ్తలేదు తమ్మీ. రెండు నెలలాయె."

షెడ్డు ఆ చివర కాంటా దగ్గర కూర్చున్న ఖాజా భాయ్ తలెత్తి చూశాడు.