అంతా బ్లాస్టింగే అన్నారు

ఇనుప గనుల ఊరు బచేలిలో, మా క్వార్టర్స్‌లో గోడకు బీట పడితే బ్లాస్టింగ్. పాలు విరిగితే బ్లాస్టింగ్. పొదుగుతున్న కోడిపెట్ట లేచిపోయినా బ్లాస్టింగే. మధ్యాహ్నం కొండ మీద గనిలో పేల్చే ముందు సైరన్ మోగడం, ఆ వెంటనే వంటింట్లో గిన్నెలు గలగలమనడం మాకు రోజూ ఉండేదే. అందుకని ఏ తప్పునైనా దాని నెత్తిన వేసెయ్యడం అందరికీ అలవాటైపోయింది. చివరికి నా బిడ్డ వణుకును కూడా దానికే అంటగట్టారు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

పెళ్ళయిన కొత్తలో నాకు ఊరికే గుండె దడదడలాడేది. వానాకాలంలో మా ఆయన గని నుంచి వచ్చే షిఫ్టు బస్సు ఘాట్‌రోడ్డు మీద కాస్త ఆలస్యమైతే చాలు, ఊపిరందక గుమ్మంలో కూలబడేదాన్ని. జగదల్‌పూర్‌లో ఒక డాక్టరు ఆందోళన తగ్గడానికి మాత్ర రాశారు. అది వేసుకున్నాక మళ్ళీ మనిషినయ్యాను. కడుపుతో ఉన్నానని తెలియగానే ఆ డాక్టరు దగ్గరికే వెళ్ళాను. ఒక్కసారిగా మానేస్తే ప్రమాదమని మోతాదు తగ్గించి, కాన్పు చేసే డాక్టరుకు ఈ మాత్ర సంగతి తప్పకుండా చెప్పమన్నారు. పుట్టాక బిడ్డను కొన్నాళ్ళు కనిపెట్టి చూడాలన్నారు. నేను చెయ్యాల్సింది ఆ ఒక్క మాట చెప్పడం. నన్ను చెప్పనిస్తేనా!

మా అత్తది విజయనగరం వైపు. చెడ్డ మనిషి కాదు. కానీ ఎవరు ఎవరిని ఏం అడిగినా జవాబు తనే చెప్పాలి. నా పేరడిగినా తనే చెప్పేది, నాకు ఆకలిగా ఉందో లేదో కూడా తనే చెప్పేది. నెలలు నిండాక ఆసుపత్రిలో డాక్టరమ్మ, "ఏమైనా గోలీలు వాడుతున్నావా?" అని నన్నే చూస్తూ హిందీలో అడిగింది. నేను నోరు తెరిచేలోగా మా అత్త, తనకొచ్చిన నాలుగు హిందీ ముక్కల్లోనే, ఐరన్ గోలీ తప్ప మరేదీ లేదని తేల్చేసింది. బయటికొచ్చి గొడవపడ్డాను.

"ఒలే, పిచ్చి మందులు మింగుతున్నావని ఇక్కడ సెప్తే సాయంత్రానికి బజారంతా తెలిసిపోద్ది. నీ మొగుడు డూటీలో తలెత్తుకోవాలా, వద్దా?" అంది.

"పిచ్చి మందులేంటత్తా? భయానికి మందు. బిడ్డ కోసమైనా చెప్పాలి."

మా ఆయన మధ్యలో దూరి, తను విడిగా వెళ్ళి చెబుతానన్నారు. నొప్పులు పడుతూ కూడా అడిగాను, చెప్పారా అని. చెప్పానన్నారు. నమ్మాను.

ఆడపిల్ల పుట్టింది. ఇంటికి తెచ్చాక మొదలైంది. కాళ్ళూ చేతులూ వణికేవి, గడ్డం అదిరేది. కీచుమని ఒకటే ఏడుపు. రొమ్ము పట్టేది కాదు, కునుకు తీసేది కాదు. మా క్వార్టర్ల లైనులోని ఆడవాళ్ళంతా వచ్చి చూసి, బ్లాస్టింగుకు దడుచుకుందని తీర్మానించారు. మా అత్త పిల్ల చెవుల్లో దూది పెట్టింది. గిన్నెలు మోగకుండా మధ్యలో గుడ్డలు కుక్కింది. సైరన్ మోగకముందే వణికింది కదా అని నేనంటే, పసిబిడ్డలకు ముందే తెలిసిపోతుందన్నారు. ఇలాంటి వాళ్ళతో ఏం వాదించాలి? ఇది ఆ మాత్ర వల్లేనేమో అని మా ఆయనను నిలదీశాను. "డాక్టరుకు చెప్పాను కదా, అన్నీ చూసే పంపారు" అన్నారు, కళ్ళు ఎటో పెట్టుకుని.

అంతలో విశ్వకర్మ పూజ వచ్చింది. ఆ రోజు గనిలో పని ఉండదు. యంత్రాలకు బొట్లు పెట్టి, కుటుంబాలను బస్సుల్లో కొండ మీదికి తీసుకెళ్ళి అన్నీ చూపిస్తారు. లైను లైనంతా కొండెక్కింది. మా ఆయన కూడా వెళ్ళారు. మా అత్తా, నేనూ, పిల్లా మిగిలాం. మధ్యాహ్నం దాటింది. సైరన్ లేదు, పేలుడు లేదు, ఒక్క గిన్నె కదల్లేదు. నా ఒళ్ళో పిల్ల మాత్రం గజగజ వణికి, తాగిన రెండు చుక్కల పాలూ కక్కేసింది.

"ఈవేళ బ్లాస్టింగ్ ఎక్కడుందత్తా?" అన్నాను.

మా అత్త వంగి పిల్ల చెవుల్లోని దూది తీసేసింది. పిల్లను గుడ్డలో చుట్టుకుని ఆసుపత్రికి బయల్దేరాను. ఆవిడ నా వెనకే వచ్చింది. డాక్టరమ్మ ఏమైందని అడగ్గానే మా అత్త అలవాటు కొద్దీ, "బ్లాస్టింగ్..." అని మొదలుపెట్టింది.

"మీరు ఆగండత్తా!" అని అరిచాను. నర్సు ఉలిక్కిపడింది. అప్పుడు చెప్పాను, ఏ మాత్ర, ఎంత, ఎన్నాళ్ళుగా అని మొత్తం.

డాక్టరమ్మ విని, "ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదు?" అని చీవాట్లు పెట్టింది. ఎవరిని? నన్ను! చెప్పాలి చెప్పాలి అని మొత్తుకున్నది ఇంట్లో నేనొక్కదాన్ని. కోపంతో ఏడుపొచ్చేసింది. డాక్టరమ్మ మెత్తబడి కూర్చోబెట్టింది. ఇన్నాళ్ళూ నా రక్తంలోంచి బిడ్డకు అందిన మందు పుట్టగానే ఆగిపోయిందనీ, వణుకు దానివల్లే అయ్యుంటుందనీ, మిగతావీ పరీక్ష చేసి చూస్తామనీ చెప్పింది. పిల్లను వార్డులో ఉంచుకున్నారు. మసక వెలుతురులో, చప్పుడు లేని చోట, వెచ్చగా చుట్టి, కొంచెం కొంచెంగా పాలు పట్టించారు. నన్ను కూడా మాత్ర సొంతంగా మానెయ్యొద్దని, తామే మెల్లగా తగ్గిస్తామని అన్నారు.

సాయంత్రం మా ఆయన నుదుట బొట్టుతో, ప్రసాదం పొట్లంతో ఆసుపత్రికి వచ్చారు.

"చెప్పానన్నారుగా?"

"చెబుదామనే అనుకున్నా..."

పొట్లం విసిరికొట్టాను. బూందీ వరండా అంతా దొర్లింది. మా అత్త ఏరుకుంటూ కూర్చుంది.

పిల్ల కుదుటపడ్డాక ఇంటికొచ్చాం. మధ్యాహ్నం సైరన్ మోగింది. గిన్నెలు గలగలమన్నాయి. పిల్ల పెదవులు చప్పరించి నిద్రపోయింది. పక్కింటావిడ గుమ్మంలోంచి తొంగిచూసి, "పిల్లకు భయం తగ్గిందా? అసలు ఏమైందట?" అని ఎప్పటిలాగే మా అత్తను అడిగింది. మా అత్త నోరు తెరిచింది. నా వైపు చూసింది. బియ్యం చేట ఒళ్ళోకి లాక్కుంది.

"దాన్నే అడుగు" అంది.

చెప్పాను. మాత్ర పేరుతో సహా చెప్పాను.