పిన్నిగారి నంబరు

మా ఎదురింటి పిన్నిగారు పోయారు. ఉదయం కాఫీ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. ఆ మాట చెప్పి అమ్మ గుమ్మంలో కూలబడింది. తాడేపల్లిగూడెంలో మా వీధి పిల్లలందరికీ ఉచిత మెయిల్ ఖాతాలు తెరిచిపెట్టింది పిన్నిగారే.

నాకు ఖాతా తెరిచిన రోజు ఏది నొక్కితే ఏం పోతుందోనని భయపడ్డాను. “భయపడమ్మా, తప్పులేదు. కానీ ముందు చదువు, తరవాత భయపడు,” అన్నారు. తెర మీది ప్రతి వాక్యాన్నీ నాచేత పైకి చదివించారు. ఒక్కో మాట దగ్గర ఆగి చదవడం నేను అక్కడే నేర్చుకున్నాను.

ఆవిడకి మెయిల్ పెట్టె చిందరవందరగా ఉంటే గిట్టదు. కాలేజీ మెయిళ్లకి పచ్చ లేబుల్, బ్యాంకువాటికి ఎర్రది, ప్రకటనలు వాటంతటవే పక్కకి పోయేలా ఫిల్టరు. వెనక బొమ్మగా కొల్లేరు కొంగల ఫోటో పెట్టి, “తెరవగానే మన ఊళ్లో దిగినట్టుండాలి,” అనేవారు. సంతకం దగ్గర నేను వెన్నెల మీద నాలుగు వరుసల కవిత్వం కొడితే పకపకా నవ్వారు.

“ఏవమ్మా, ప్రిన్సిపాల్ గారికి రాసే సెలవు చీటీ కింద కూడా వెన్నెలేనా?”

పేరూ ఊరూ మాత్రం మిగిల్చారు.

మా నాన్న చేపల చెరువుల మీద తిరుగుతూ, ఆఫరు దొరికినప్పుడల్లా సిమ్ మార్చేస్తారు. వీధిలో చాలామందిది అదే వరస. అందుకే ఖాతా మనదేనని తేల్చే కోడ్ ఏ ఫోన్‌కి పంపాలని అడిగినచోట పిల్లలమంతా పిన్నిగారి నంబరే ఇచ్చాం. అది ఎన్నడూ మారలేదు. ఆవిడకి ఏమైనా అవుతుందని ఎవరికీ తట్టలేదు.

ఆవిడ పోయిన వారంలోనే నా ఫోన్ పాడైంది. కొత్తదానిలో ఖాతా తెరవబోతే, కోడ్ పంపామంది. ఎవరి ఫోన్‌కో నాకు తెలుసు. ఏలూరు కాలేజీలో నాకు తెలుగు బి.ఏ. సీటు ఇస్తామన్న మెయిల్ ఆ పెట్టెలోనే ఉంది. సాయంత్రంలోగా అక్కణ్ణించే ఒప్పుకోలు పంపకపోతే సీటు ఇంకొకరిది. ఇంకా కర్మ కూడా కాని ఇంటికి వెళ్లి, పోయినావిడ ఫోన్ అడగాలి. గేటు గడియ తీసి, మళ్లీ వేసి, మళ్లీ తీశాను.

పిన్నిగారి భర్త వరండాలో ఒక్కరే ఉన్నారు.

“బాబాయిగారండీ...” అని మెట్టు దగ్గరే ఆగిపోయాను.

“చెప్పమ్మా. నేను కరుస్తానా?”

చెప్పాను. ఆయన లోపలికి వెళ్లి, ఆపేసి ఉంచిన ఫోన్ తెచ్చి వెలిగించారు. నా ఫోన్‌లో కోడ్ మళ్లీ పంపమని నొక్కాను. ఎంతకీ రాలేదు. చివరికి ఫోన్ మోగింది. ఆయన ఒక్కో అంకే చదివారు. పెట్టె తెరుచుకుంది, జవాబు వెళ్లింది. అప్పుడు ఏడుపొచ్చింది.

“ఈ నెలాఖరుకి సిమ్ ఆగిపోతుందమ్మా. ఇంకెవరికని రీఛార్జి చేయించను? మీ పిల్లలంతా నంబర్లు మార్చేసుకోండి.”

అక్కడే అమ్మ నంబరు చేర్చాను. పాత నంబరు తీసెయ్యమంటారా అని అడిగింది తెర. తీసేసినట్టు ఆ నంబరుకి సందేశం వెళ్తుందని కూడా కింద రాసి ఉంది. వేలు చాలాసేపు గాల్లోనే ఉండిపోయింది. నొక్కాను.

బాబాయిగారి చేతిలో ఫోన్ మోగింది.

“మీ పిన్నికేదో వచ్చిందమ్మా,” అంటూ ఆయన కళ్లజోడు సర్దుకుని, ఫోన్‌ను వెలుతురు వైపు తిప్పారు.