ముంపు తనిఖీ

రెవిన్యూ ఇనస్పెక్టరు కామేశంగారు కొల్లేటి లంకలకు వరద తనిఖీకి వస్తే బూట్లు విప్పరు. దోనె ఆగగానే ఎవరో ఒకరు భుజాలు వంచాలి. వాటిమీద కూర్చుని, బురద బూట్లు ఆ మనిషి ఛాతీకి ఆనించి, కిళ్లీ నములుతూ పొలాలు చూస్తారు. ఉమ్మి ఎవరిమీద పడిందో చూడరు. ఆ ఏడు ఎన్నికల్లో నెగ్గినాయన, తనకు ఓట్లు వేయని ఊళ్లకు సాయం అందకుండా చూస్తే ఈయనకు డిప్యూటీ తాసిల్దారు పని ఇప్పిస్తానన్నాడు. ఈ లంక ఆ ఊళ్లలో ఒకటి. మొలలోతు నీళ్లలో కామేశంగారిని మోస్తున్న పెద్దిరాజు ఆగాడు.

“ఇదేనండి నా చేను. మనం నడుస్తున్నది నా వరి మీదేనండి. ముంపని రాస్తేనే విత్తనవడ్లు ఇస్తారటండి.”

“మనమా? నడిచేది నువ్వేరా!” కామేశంగారు నవ్వారు. “రాస్తున్నాలే, కదలకు.”

పుస్తకం పెద్దిరాజు తలపాగామీద పెట్టి, పెన్సిలు ములుకు నాలుకతో తడిచేసుకుని, ‘ముంపు లేదు’ అని రాశారు. చదువు రాని పెద్దిరాజు, అక్షరం చెదిరితే వడ్లు రావేమోనని, ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.