బూడిద వేయని మిరప మొక్క

మొన్న మనవరాలు బాల్కనీ కుండీల కోసం ఆన్‌లైన్‌లో తెప్పించిన పొట్లం విప్పి చూస్తే లోపల బూడిద! మొక్కలకు మహా బలమని అట్ట మీద రాసి ఉంది. నవ్వు రావలసిన చోట నాకు పాత ఉక్రోషం వచ్చింది.

ఖరగ్‌పూర్ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టర్ పెరట్లో, బొగ్గుల పొయ్యిలోంచి తీసిన బూడిదను అందరిలాగే మేమూ మిరప మొదళ్ళలో వేసేవాళ్ళం. కాయలు విరగకాసేది దానివల్లేనని నాయనమ్మ నమ్మకం. అప్పుడు నేను కాలేజీలో సైన్సు చదువుతున్నాను. నలుగురిలో నోరు విప్పలేను గాని డైరీలో మాత్రం తెగ వాదించేదాన్ని. అవే మొదళ్ళలోకి బియ్యం కడిగిన నీళ్ళు కూడా పోతున్నాయి కదా, మేలు చేస్తున్నది బూడిదో నీళ్ళో ఊరికే చూస్తూ కూర్చుంటే ఎలా తెలుస్తుంది? ఒకదాన్ని ఆపి చూడాలి. కాలేజీ ల్యాబులో అబ్బాయిలు పరికరాలు పట్టుకుంటే మేము పక్కన నిలబడి రీడింగులు రాసుకోవడమే గనుక, నా చేత్తో నేను చేసే మొదటి ప్రయోగం ఇదేనని ఎంత ఆశపడ్డానో! ఒకే ఎండ తగిలే రెండు మొక్కలకు నీళ్ళు సమానంగా పోస్తూ, గోడవైపు దానికి బూడిద మానేశాను.

రెండూ ఒకేలా పూశాయి. బూడిద మహిమ ఏమీ లేదని ఆ పూట భోజనాల దగ్గర మొదటిసారి గొంతు పెంచి చెప్పాను.

"ఏటమ్మా, రెండూ పాసైపోనాయా?" అన్నాడు వర్క్‌షాపు నుంచి వచ్చిన నాన్న.

నాయనమ్మ విస్తుపోయి చూసింది. "కడుపు మాడ్సేస్తే పూస్తాదేటే? నువ్వు కాలేజీకెళ్ళినాక దానికీ నేనే గుప్పెడేసినాను."

ఏడుపొక్కటే తక్కువ. కొత్త నారుతో మళ్ళీ మొదలుపెట్టి, ఈసారి వేయనని నా తలమీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను. ఆవిడ ఒట్టు తప్పలేదు. పక్కింటి బెంగాలీ దీదీ చేత వేయించింది.

తర్వాత ఇంట్లోకి గ్యాసు వచ్చింది, బూడిదే లేకుండా పోయింది. మేలు చేసింది బూడిదో నీళ్ళో నాకు ఇప్పటికీ తేలలేదు. ఇవాళ పొట్లం ఉంది, కుండీలున్నాయి, చాటుగా వచ్చి గుప్పెడు వేసిపోయేవాళ్ళు ఎవరూ లేరు. ప్రయోగం సజావుగానే సాగుతుంది. కానీ బూడిద పని చేయదని తేలితే, ఎవరి ముందు గొంతు పెంచి చెప్పను?