తొమ్మిదో రోజు కనబడిన తప్పు

మా అన్నయ్య ఉద్యోగం తప్పులు పట్టడం. కంప్యూటర్ ప్రాసెసర్లు తయారుచేసే కంపెనీలో, ఇంకా బజారుకెక్కని చిప్పును ముందు పెట్టుకుని, అది ఎక్కడ తడబడుతుందా అని కాచుకుని కూర్చునేవాడు. ఆఫీసులో అందరూ భూతద్దం అనేవారు. "మీ అన్నయ్యకి గడియారం ఇస్తే టైం చూడడమ్మా, ఎంత తేడా నడుస్తోందో చూస్తాడు" అనేది మా వదిన.

తన పక్క బల్ల దగ్గర పనిచేసే మనిషినే చూసి నాకు పెళ్ళి చేశాడు. చిప్పులో రెండు కోర్లు, అంటే లెక్కలు చేసే రెండు భాగాలు, మెమరీలో ఒకే చోట రాయబోయినప్పుడు ఎవరిది ముందు, ఎవరిది వెనక అని తేల్చే సర్క్యూట్ మా ఆయన గీసేవాడు. అది సరిగ్గా తేలుస్తోందో లేదో చూసే ప్రోగ్రాం అన్నయ్య రాసేవాడు. ఆదివారం భోజనాల దగ్గర కూడా వాళ్ళిద్దరిదీ అదే గొడవ.

"నీ సర్క్యూట్‌కి కళ్ళు లేవు బావా."

"నీ ప్రోగ్రాంకి బుర్ర లేదు. ఇద్దరం కలిస్తే ఒక మనిషవుతాం, తిను."

ఆ ఏడు పోటీ కంపెనీవాళ్ళు తక్కువ కరెంటుతో రెట్టింపు పని చేసే చిప్పు తెస్తున్నారని పుకారు పుట్టింది. వాళ్ళకంటే ముందు బజారులో ఉంటే బతుకుతాం, లేకపోతే లేదు. మేనేజరు రోజూ చెప్పే మాట ఇదే. నమూనా చిప్పులు చేతికి రాగానే అన్నయ్య వాటిని ఆపకుండా నడిపించాడు. ఎనిమిది రోజులు ఏమీ లేదు. తొమ్మిదో రోజు ఒకే ఒక్కసారి తెరమీద ఎర్రగీత పడింది. రెండు రాతల వరస తారుమారైంది. మళ్ళీ నడిపితే రాలేదు.

ఆ తర్వాత జరిగిన మీటింగు సంగతి ఇద్దరి నోటా విన్నాను, మాట తేడా లేకుండా.

"నా సర్క్యూట్‌లో తప్పు లేదు" అన్నాడు మా ఆయన.

"నా కళ్ళతో చూశాను బావా. చూసిందాన్ని చూడలేదని సంతకం ఎట్లా పెట్టను?"

"తొమ్మిది రోజులకొకసారి వచ్చే తుమ్ముకి ఆపరేషనా?" అని మేనేజరు తల పట్టుకున్నాడట. అన్నయ్య సంతకం లేనిదే చిప్పు బజారుకి వెళ్ళదు. అన్నయ్య పెట్టలేదు.

సర్క్యూట్ మార్చి చిప్పును మళ్ళీ తయారుచేయించడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ మార్పుతో చిప్పు నెమ్మదించింది గానీ, ఎర్రగీత మళ్ళీ పడలేదు. రోగం కుదిరిందన్నారు. అంటే రోగం మా ఆయనదేనని తేలిపోయింది. మూడో నెలలోనే పోటీవాళ్ళ చిప్పు వచ్చేసింది. మాది వచ్చేసరికి, దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టుందని పత్రికలవాళ్ళు నవ్వారు. ఏడాది తిరక్కుండా ఆ విభాగం మూసేశారు.

అన్నయ్యనెవరూ ఏమీ అనలేదు. తప్పు పట్టినవాడు కదా. పడవకి చిల్లు పెట్టినవాడని మా ఆయన పేరే మిగిలింది. ఆ రంగం చిన్నది. ఆయన ఎక్కడికెళ్ళినా ఆ పేరు ముందే వెళ్ళి కూర్చునేది. మళ్ళీ ఎవరూ ఆయన చేతికి సర్క్యూట్ ఇవ్వలేదు. ప్రింటర్లు బాగుచేసే దుకాణంలో చేరాడు. ఆదివారం భోజనాలు ఆగిపోయాయి. నేను పైకి ఏమీ అనకపోయినా మనసులో అన్నయ్య మాటనే నమ్మాను. అది రాయక తప్పదు.

పదకొండేళ్ళ తర్వాత, ఇల్లు మారుతూ వదిన అటకమీది పెట్టె దించింది. అందులో అన్నయ్య పాత నోటుపుస్తకం ఉంది. వేగం కోసం డిజైనువాళ్ళు అప్పట్లో మధ్యలో ఒక నియమం సడలించారు. అరుదుగా వచ్చే ఒక సందర్భంలో వరస మారినా ఫరవాలేదన్నారు. దానికి తగ్గట్టు తన ప్రోగ్రాంలో నాలుగు చోట్ల మార్చాలని అన్నయ్య రాసుకున్నాడు. మూడింటికి టిక్కులున్నాయి. నాలుగోదానికి లేదు. అన్నీ మార్చేశాడని అందరూ నమ్మిన ప్రోగ్రాం, మార్చని ఆ ఒక్క చోటే తొమ్మిదో రోజు ఎర్రగీత గీసింది.

చిప్పులో ఏ తప్పూ లేదు.

ఆ మధ్యాహ్నమే పుస్తకం పట్టుకుని అన్నయ్య దుకాణానికి వచ్చాడు. మా ఆయనకు క్యారేజీ ఇచ్చి నేనింకా అక్కడే ఉన్నాను. అన్నయ్య కాళ్ళకున్న చెప్పుల్లో ఒకటి తనది, ఒకటి వదినది.

"బావా, నీది సరిగ్గానే ఉంది. నేనే ఒకచోట మార్చడం మరిచాను."

మా ఆయన చేతికంటిన సిరా గుడ్డతో తుడుచుకుని, ఆ పేజీని చాలాసేపు చూశాడు.

"ఆ రోజే చెప్పాను కదా."

"చెప్పావు. ఉత్తరం రాసిస్తాను, సంతకం పెడతాను. అందరికీ చూపించు..."

"ఎవరికి చూపించను బావా? మనల్ని ఓడించిన చిప్పుని ఇంకెవడో ఓడించి ఐదేళ్ళయింది. అది ఉన్న మెషీన్లు మా వెనకగదిలో తూకానికి పడున్నాయి. మనది తూకానికి కూడా రాలేదు."

తర్వాత నా వైపు తిరిగాడు. "అప్పట్లో, నువ్వొక్కదానివి నమ్మితే చాలనుకున్నాను."

అన్నయ్య వినకుండా ఉత్తరం రాశాడు. పాత కంపెనీకి పంపింది తిరిగొచ్చింది. అప్పటి మేనేజరుకి రాస్తే, "ఏ చిప్పు?" అని అడిగాడు. ఆ మాట తర్వాత అన్నయ్య అన్నం ముందు కూర్చుని లేచిపోవడమే గానీ తిన్నది లేదు. మరుసటి ఏడు గుండె ఆగి పోయాడు.

అన్నయ్య మాకూ పంపిన ఆ ఉత్తరం నకలు మా ఇంటి సొరుగులో ఉంది. మా ఆయన ఇంతవరకూ కవరు విప్పలేదు. విప్పి చదవమనడానికి నాకు నోరు రావడం లేదు.