నడుములో వదిలిన బట్ట

మెడలోంచి టేపు దిగగా ఎవరూ చూడలేదు కనక ఆ వీధిలో అందరికీ ఆయన టేపుమామ. దర్జీ. షాపు రెండో అంతస్తులో ఉంది, లిఫ్టు లేదు.

ఏ ప్యాంటు కుట్టినా నడుము వెనక, లోపలివైపు నాలుగువేళ్ల బట్ట వదలడం ఆయన పద్ధతి. మనిషన్నాక ఒళ్లు చేస్తాడు, అప్పుడు కుట్టు విప్పి వదులు చేయొచ్చు. ఊరందరికీ చేసే మేలు తనకూ చేసుకున్నాడు. ప్యాంటు పట్టేసినట్టు అనిపించినప్పుడల్లా కుట్టు కాస్త జరిపేవాడు. ఏళ్లతరబడి ఏ ప్యాంటూ బిగుతు కాలేదు కాబట్టి తాను లావెక్కలేదనే నమ్మాడు.

మెట్ల మలుపులో ఊపిరాడక చతికిలబడిన రోజున ఆ నమ్మకం పోయింది.

డాక్టరమ్మ రక్తపరీక్ష చూసి, "పొట్ట తగ్గాలి, రక్తంలో కొవ్వూ తగ్గాలి. లేకపోతే ఆ మెట్లు మర్చిపోండి" అంది. మెట్లు మర్చిపోవడమంటే షాపు మర్చిపోవడమే.

బావమరిది పరిగెత్తుకొచ్చాడు. "బావా, అన్నం, రొట్టె ముట్టకు. మాంసం, గుడ్లు, వెన్న లాగించు. నన్ను చూడు, బెల్టుకి కొత్త చిల్లులు పడ్డాయి!"

"బెల్టుకే కొత్తరా. నీ మాటలకి ఎప్పుడూ ఉన్నవే."

అన్నాడే గాని ఆచరించాడు. బరువు చకచకా దిగింది. పరీక్షలో చెడ్డ కొవ్వు మాత్రం ఎగబాకింది. కొందరి ఒంటికి ఇలా అవుతుందని డాక్టరమ్మ దాన్ని ఆపించింది.

తరవాత కూతురి పద్ధతి. పొద్దున మంచినీళ్లే, తిండంతా మధ్యాహ్నం నుంచి సాయంత్రం లోపు. ఆ పిల్లకు హాయిగా కుదిరింది. మామకు మిషను ముందు కూర్చోగానే కళ్లు బైర్లు కమ్మేవి. ఆ ఆకలిలో ఒక పెద్దమనిషి కోటుకు రెండు చేతులూ ఎడమవే కత్తిరించాడు.

"ఆయన కుడిచెయ్యి ఇంట్లో పెట్టొస్తాడా నాన్నా?" అని కూతురు పడీపడీ నవ్వింది.

చివరికి డాక్టరమ్మ చెప్పిన తిండికే వచ్చాడు. కంచంలో సగం కూరగాయలు, మిగతా సగంలో పప్పు, చేప, దంపుడు బియ్యపన్నం. వెన్న బదులు కొద్దిగా నూనె, ఉప్పు తక్కువ, సాయంత్రం నడక.

"ఇందులో వింతేముందే?" అన్నాడు భార్యతో.

"వింత లేదు కాబట్టే రోజూ తినగలం. మింగండి."

తగ్గడం నత్తనడకన సాగింది. టేపు కదలని వారాలూ ఉన్నాయి. అలాంటి ఒక వారంలో కొత్త ప్యాంటు కత్తిరించుకున్నాడు. భార్య తిరగేసి చూసి, "లోపల బట్టేదీ?" అంది.

"వదల్లేదు. ఈసారి బిగుతైతే తగ్గాల్సింది నేనే."

తరవాతి పరీక్షలో కొవ్వు దిగింది, పొట్టా దిగింది. "మెట్లెక్కండి, నెమ్మదిగా" అంది డాక్టరమ్మ.

మర్నాడు బావమరిది రొప్పుతూ షాపులోకొచ్చాడు. వెన్నతిండికి మొహంమొత్తి మానేశాక, పోయిన ఒళ్లంతా తిరిగొచ్చింది. నడుముకు లుంగీ, చేతిలో ప్యాంటు. "బావా, కాస్త వదులు చెయ్యి."

టేపుమామ తిరగేసి చూశాడు. లోపల బట్ట బోలెడుంది. ప్యాంటు మడిచి అలమరలో పెట్టి తాళం వేశాడు. "రోజూ సాయంత్రం నాతో నడకకి రా. ఇది నీకు పట్టేదాకా వదిలిపెట్టను."

"అందాకా ఏం తొడుక్కోమంటావు?"

కొక్కేనికున్న, కుట్టు చివరిదాకా జరిపిన తన పాత ప్యాంటు విసిరాడు. బావమరిది తెర వెనక్కెళ్లి తొడుక్కుని బయటికొచ్చాడు. కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

"ఎన్నింటికి బావా నడక?" అన్నాడు.